ఫోన్ పక్కన పెట్టి టేపు పట్టుకోండి

ప్రశ్న: బీకామ్ అయిపోయింది, కానీ మనసంతా ఇంటీరియర్ ఆర్కిటెక్చర్ మీదే. ఆలస్యమైందేమోనని టెన్షన్. ఐడియాలు ఎక్కడ దొరుకుతాయండీ?
– ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ఆలస్యమేమీ కాలేదమ్మా. శ్రీలంకకు చెందిన జెఫ్రీ బావా ముందు లాయరు, ఆర్కిటెక్టుగా అర్హత సంపాదించింది 1957లో, 38 ఏళ్ల వయసులో. ఐడియాల కోసం ఫోన్‌లో ఫొటోలు చూస్తూ కూర్చోకండి. మీ గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు ఇంకా ఉన్నాయి కదా, ఒకదానికి వెళ్లి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వెలుగు ఏ గదిలో ఎంతదాకా వస్తోందో, వాన నీళ్లు ఎటు పోతాయో, అరుగు ఎత్తెంతో కొలిచి కాగితం మీద గీసుకోండి. తర్వాత మీ వంటగట్టు కొలవండి. ఎత్తు ఎక్కువైతే పొట్టిగా ఉన్నవాళ్లకు కూర కలిపేటప్పుడు భుజాలు లాగేస్తాయి, తక్కువైతే నడుం నొప్పి. అసలు డిజైన్ అక్కడే మొదలవుతుంది.

చదువు సంగతికొస్తే, ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోవాలంటే బీఆర్క్ ఐదేళ్లు చదివి, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అవ్వాలి. ఇంటీరియర్ డిజైనర్‌కు ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మీకు ఈ దారే దగ్గర. ఏ కోర్సులో చేరినా సెలవుల్లో సైట్‌కి వెళ్లండి, వడ్రంగి మేస్త్రి ప్లైవుడ్ ఎలా కోయిస్తున్నాడో దగ్గరుండి చూడండి, సిగ్గుపడకుండా అడగండి. గోడ కొట్టాల్సి వస్తే మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని అడగకుండా సుత్తి ఎత్తనివ్వద్దు.