పాత ప్రింటర్‌తో కుస్తీ పడుతున్న అబ్బాయికి ఏఐ కోర్సా, సిస్టమ్స్ లైనా?

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. తోటివాళ్లంతా ఏఐ కోర్సుల్లో చేరుతున్నారు. వీడేమో పాత ప్రింటర్‌ని ప్యారలల్ పోర్ట్‌తో (యూఎస్‌బీకి ముందు ప్రింటర్లకి వాడిన వెడల్పాటి సాకెట్) లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కంప్యూటర్‌కి తగిలించి, సగం పేజీకే ఎందుకు ఆగిపోతోందంటూ నెల రోజులుగా దాని ముందే కూర్చుంటున్నాడు. ఏఐ, సిస్టమ్స్ (ఆపరేటింగ్ సిస్టమ్, హార్డ్‌వేర్ లోపలి పని) రెండింటినీ పోల్చి చెప్పండి. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ప్రింటర్ బదులు ఇంకో వస్తువు పేరుతో ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. అడిగేది కోర్సు గురించే గానీ, లోపల ఉన్నది మావాడు వెనకబడిపోతున్నాడన్న టెన్షన్. వెనకబడటం లేదు.

అసలు ఏం చేస్తున్నావురా అని ఒక్కసారైనా పక్కన కూర్చుని అడిగారా? అది ఆటబొమ్మ కాదు. ప్రింటర్‌కి మామూలు టెక్స్ట్ అర్థమయ్యేటట్లయితే, కప్స్‌ని (లైనక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే సాఫ్ట్‌వేర్) పక్కనపెట్టి నేరుగా ఎల్‌పీ0 డివైస్‌కి (ఆ పోర్ట్‌కి లైనక్స్‌లో ఉండే పేరు) పంపి చూడాలి. లైన్లు మెట్లలా పక్కకి జారితే కంగారక్కర్లేదు, లైనక్స్ పద్ధతికి మూలమైన యూనిక్స్ లైన్ చివర క్యారేజ్ రిటర్న్ (లైన్ మొదటికి తిరిగి రమ్మనే గుర్తు) పెట్టదు. పేజీ పూర్తిగా వస్తే అనుమానం డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) మీదికో ఫిల్టర్ (పేజీని ప్రింటర్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) మీదికో పోతుంది. అప్పుడూ ఆగితే ఇంకా కిందికి దిగాలి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్) పోర్ట్ ఏ మోడ్‌లో ఉంది? మొదటి పోర్ట్ మామూలుగా వాడే ఐఆర్‌క్యూ 7 (పరికరం సీపీయూని పిలిచే ఇంటరప్ట్ లైన్ నంబర్) కోసం పాత సౌండ్ కార్డేదైనా పోటీ పడుతోందా? ఇంటరప్ట్ మానేసి, సీపీయూయే మాటిమాటికీ పోర్ట్‌ని చూసుకునే పోలింగ్‌లో పెడితే పేజీ చివరిదాకా వస్తోందా? వస్తే దొంగ దాదాపు దొరికినట్టే, సీపీయూ మీద కాస్త భారం పడుతుందంతే.

ఏఐ కోర్సులన్నీ దండగ అనను. కానీ ఎవరో రాసిపెట్టిన కోడ్‌ని వరసగా రన్ చేసి, గ్రాఫ్ రాగానే సర్టిఫికెట్ పుచ్చుకున్న పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. ట్రైనింగ్ మధ్యలో ఆగిపోతే లోపం డేటాదా, మెమరీదా, డ్రైవర్‌దా అంటే దిక్కులు చూస్తారు. ఆ మోడళ్లు నడిచే సర్వర్లలో ఎక్కువ భాగం లైనక్సే మరి. మీ అబ్బాయి ఏఐ వచ్చే ఏడాదైనా నేర్చుకోగలడు. ఈ ఓపిక మాత్రం కోర్సులో దొరకదు.

ప్యారలల్ పోర్ట్‌కి ఉద్యోగాల్లేవు, నిజమే. దాని ఐఈఈఈ 1284 ప్రమాణం 1994 నాటిది, కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టే కనపడదు. డివైస్ డ్రైవర్లు, ఎంబెడెడ్ (యంత్రాల్లో ఇమిడి ఉండే కంప్యూటర్ల) పనుల్లో కావలసింది మాత్రం సరిగ్గా ఈ వెతుకులాటే. కాబట్టి తోటివాళ్ల సర్టిఫికెట్ల లెక్క అతని ముందు అప్పజెప్పడం ఇవాళ్టితో మానేయండి.

ఏం మారిస్తే ఏమైందో రాసిపెట్టుకుంటున్నాడా అని మాత్రం అడగండి. ఒకేసారి మూడు సెట్టింగులు మారిస్తే ఏది పనిచేసిందో అతనికే తెలియదు. అన్నట్టు, కేబుల్ మార్చి చూశాడా?