పిల్లికి షుగర్ అని తేలింది, రోజుకి రెండు ఇంజెక్షన్లు నా వల్ల అవుతుందా?

మీ ప్రశ్న చదవగానే మూడేళ్ల కిందటి నా పరిస్థితే గుర్తొచ్చిందండీ. తొమ్మిదేళ్ల మగపిల్లి, షుగర్ 412 వచ్చింది, డాక్టర్ గారు రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ అన్నారు, మీరేమో ఉద్యోగానికి వెళ్లాలి, ఇంట్లో నాన్నగారు "మనుషులకే చేసేవాళ్లు లేరు, పిల్లికి సూదులేంటి" అంటున్నారు. ముందు జవాబు చెప్పేస్తాను: అవుతుంది. ఇంజెక్షన్ చేయడం ఇందులో అన్నిటికంటే తేలికైన పని. అసలు చిక్కు ఎక్కడంటే, మన ఇళ్లలో షుగర్ అందరికీ తెలిసిన జబ్బే కాబట్టి మనుషుల షుగర్ లెక్కలన్నీ తీసుకొచ్చి పిల్లికి పెట్టేస్తాం. మా ఇంట్లో జరిగింది అదే.

మాది విజయవాడ. మా పిల్లి పండుకి అప్పుడు పదేళ్లు, ఏడు కిలోల దాకా ఉండేవాడు. ఆ వేసవిలో పొద్దున నింపిన నీళ్ల గిన్నె మధ్యాహ్నానికి ఖాళీ అయిపోయేది, ఎండలు కదా అనుకున్నాను. ఇసుక ట్రేలో ఉండలు నా పిడికిలంత ఉండేవి. ఒకరోజు ట్రే పక్కన నేల మీద పడ్డ మూత్రానికి చీమలు బారు కట్టాయి, అమ్మ చూసి "వీడికి షుగరేమోనే, చూపించు" అంది. అమ్మకి పదిహేనేళ్లుగా షుగర్, తను ఇన్సులిన్ మీదే ఉంది. నేను నమ్మలేదు. ఇంకో రెండు వారాలకి బాగా తింటూనే చిక్కిపోయి, వెనక కాళ్లు మడమల దాకా నేలకి ఆనించి నడవడం మొదలుపెట్టాడు, సోఫా ఎక్కబోయి జారి పడ్డాడు, అప్పుడు పరిగెత్తాను. ఆ రెండు వారాలు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మీవాడు కూడా అలా నడుస్తుంటే బెంగపడకండి, షుగర్ వల్ల నరాలు దెబ్బతిని అలా అవుతుంది, అదుపులోకి వచ్చాక చాలా పిల్లుల్లో నెమ్మదిగా బాగవుతుంది. పండు నాలుగో నెలలో మళ్లీ కిటికీ ఎక్కాడు.

ఆ 412 ఒక్కసారి తీసిన రీడింగేనా? పిల్లులు ఆస్పత్రికి వెళ్లిన టెన్షన్‌కే షుగర్ 300 దాటించేస్తాయి, కాబట్టి ఒక్క అంకెతో తేల్చకుండా మూత్రంలో చక్కెర ఉందా అని, ఫ్రక్టోసమిన్ అనే రక్తపరీక్ష ఎంత వచ్చిందని అడగండి. మనకి మూడు నెలల షుగర్ పరీక్ష ఎలాగో, వాటికి అది గత ఒకటి రెండు వారాల సంగతి చెప్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, పళ్ల చీము ఉన్నాయేమో కూడా చూడమనండి, అవి ఉంటే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. ఈ మధ్య దురదకో ఉబ్బసానికో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి.

ఇక సిరంజి. ఇది మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి. మన దేశంలో మనుషులకి దొరికే ఇన్సులిన్ సీసాలు చాలావరకు మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, వాటి సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. పిల్లులకి ఎక్కువగా రాసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ మిల్లీలీటరుకి 100 యూనిట్లది, దానికి నారింజ మూత సిరంజి వాడాలి. పండుకి మందు కొన్నరోజు, ఇంట్లో అమ్మవి ఎర్ర మూత సిరంజిలు డబ్బా నిండా ఉన్నాయి కదా, మళ్లీ కొనడం ఎందుకని అందులోంచే ఒకటి తీశాను. ఒక గీత దాకా లాగి పండు దగ్గర కూర్చున్నాను కూడా. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మందు పెట్టె చూస్తూ "నా సీసా మీద 40 ఉంటుంది, దీని మీద 100 అని ఉందేంటే" అంది. చేయి ఆగిపోయింది. ఆ ఒక్క గీతలో వాడికి వెళ్లేది ఒక యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు. పిల్లులకని ప్రత్యేకంగా వచ్చే ఇన్సులిన్‌లలో 40 యూనిట్లవీ ఉన్నాయి, అవి రాస్తే 40 సిరంజే వాడాలి. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే మందు లాగండి, మందుల షాపులో ఇచ్చారు కదా అని ఊరుకోవద్దు.

తిండి విషయంలోనూ ఇదే గొడవ. షుగర్ అనగానే మా ఇంట్లో అన్నం మానేసి కొర్రలు, రాగిజావ అంటారు. పండుకి పాలన్నం, పెరుగన్నం మాన్పించగానే అమ్మ ప్రేమగా కొర్రన్నంలో చేప కలిపి పెట్టింది. పిల్లికి కొర్రలైనా బియ్యమైనా పిండిపదార్థమే, దాని ఒంటికి కావాల్సింది మాంసం. పిండి తక్కువ ఉండే తడి ఆహారం, అంటే డబ్బాల్లో, పౌచ్‌ల్లో వచ్చేది, మంచిది. పొడి గింజల్లో పిండి ఎక్కువ. ఉడికించిన చికెన్ ఒక్కటే రోజూ పెట్టేస్తే టారిన్, క్యాల్షియం లాంటి పోషకాలు చాలవు, అది ఎప్పుడైనా పెట్టడానికే. కానీ డాక్టర్ గారికి చెప్పకుండా రాత్రికి రాత్రి తిండి మార్చకండి, పిండి తగ్గగానే ఇన్సులిన్ అవసరం కూడా తగ్గుతుంది, పాత డోసే కొనసాగిస్తే షుగర్ పడిపోతుంది. పరగడుపున ఉంచడం, పస్తు పెట్టి బరువు తగ్గించడం అసలు వద్దు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే లివర్‌కి కొవ్వు పట్టి ప్రాణం మీదకొస్తుంది.

షుగర్ ఎక్కువ కావడం కంటే ఒక్కసారిగా పడిపోవడం గురించే నేను ఎక్కువ హెచ్చరిస్తాను. రెండో నెలలో ఒక సాయంత్రం పండు సగం తిని కక్కేశాడు, నేను చూసుకోకుండా పూర్తి డోసు ఇచ్చేశాను. రాత్రి పదకొండింటికి వంటింట్లో తూలుతూ గోడకి తల ఆనించి నిలబడ్డాడు, పిలిస్తే తిరగలేదు. మీటర్‌లో 46. తేనె వేలికి రాసి చిగుళ్ల మీద రుద్దాను (గొంతులో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది), పది నిమిషాలకి నాలుక ఆడించాడు, కొంచెం తిన్నాడు, ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. అప్పట్నుంచి ముందు తిండి, తిన్నాడని కళ్లతో చూశాకే సూది. తినకపోయినా, కక్కినా డాక్టర్‌కి ఫోన్ చేయకుండా డోసు ఇవ్వను. సూది గుచ్చినప్పుడు మందు లోపలికి వెళ్లిందో బొచ్చు మీద కారిందో అనుమానం వస్తే రెండోసారి ఇవ్వకండి, ఒక పూట షుగర్ ఎక్కువ ఉన్నా పరవాలేదు. కానీ తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ నీరసంగా మూల పడుకుంటే, నోట్లోంచి గోళ్ల రంగు తుడిచే మందు లాంటి వాసన వస్తే, తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంట్లో టెస్టుకి చెవి అంచున గుచ్చాలి. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ ఒక నిమిషం చెవికి పట్టండి, వెనక దూది ఆనించి గుచ్చండి, ఆవగింజంత చుక్క చాలు. మొదటివారం నా చేతులు వణికేవి, వాడు విదిలించుకుని మంచం కిందకి పోయేవాడు, ఒక్కో టెస్టుకి మూడేసి స్ట్రిప్పులు పాడయ్యేవి. ప్రతిసారీ తర్వాత ఒక చికెన్ ముక్క పెట్టేదాన్ని, నెలకల్లా మీటర్ డబ్బా చప్పుడికి తనే వచ్చి కూర్చునేవాడు. మనుషుల మీటర్ పిల్లి రక్తంలో అసలు కంటే తక్కువ చూపిస్తుంది, జంతువులకని ఆల్ఫాట్రాక్ లాంటివి ఉన్నాయి. మీకు మనుషులదే దొరికితే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పి ఒకే మీటర్ వాడుతూ ఉండండి, అంకెలన్నీ నోట్‌బుక్‌లో రాయండి. అంకె చూసి మీ అంతట మీరు డోసు పెంచవద్దు.

మాత్రలు లేవా అని కూడా అడిగారు. అమెరికాలో బెక్సాక్యాట్ అనే మాత్రకి 2022 డిసెంబరులో, సెన్వెల్గో అనే నోటి మందుకి 2023 ఆగస్టులో అనుమతి వచ్చింది, డల్లాస్‌లో ఉండే మా పిన్ని కూతురు చెప్పింది. అవి అప్పటిదాకా ఇన్సులిన్ వాడని, మిగతా ఆరోగ్యం బాగున్న పిల్లులకి మాత్రమే. ఇంట్లో ఉన్న మనుషుల షుగర్ మాత్ర ముక్క చేసి వేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఉద్యోగం సంగతికొస్తే, మాకు పొద్దున ఏడు, సాయంత్రం ఏడు. పన్నెండు గంటల ఎడం ఉండాలి, ఎప్పుడైనా కొంచెం అటూ ఇటూ అయితే కంగారుపడకండి, ఒక పూట తప్పిపోతే తర్వాతి పూట రెట్టింపు మాత్రం ఇవ్వకండి. వాడు గిన్నెలో మొహం పెట్టి తింటుండగా పక్కటెముకల మీద వదులు చర్మం డేరాలా ఎత్తి గుచ్చుతాను, తల కూడా ఎత్తడు. ఖర్చు అంటారా, గ్లార్జిన్ 3 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్‌లో 300 యూనిట్లుంటాయి, పూటకి ఒక యూనిట్ అయితే నెలకి 60. డబ్బంతా స్ట్రిప్పులకీ తిండికీ అవుతుంది. కరెంటు పోతే మందు పాడవుతుందని నేను ఫ్లాస్కులో ఐస్‌ప్యాక్ పెట్టి, మధ్యలో గుడ్డ చుట్టి ఉంచుతాను, గడ్డకడితే ఇక పనికిరాదు.

మొదట్లోనే ఇన్సులిన్ మొదలుపెట్టి, పిండి తక్కువ ఉండే తిండి పెడితే కొన్ని పిల్లులకి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. పండుకి అలా జరగలేదు, డోసు రెండు యూనిట్ల దాకా పెరిగి, మళ్లీ ఒకటికి తగ్గి అక్కడే ఉంది. పదమూడేళ్లొచ్చాయి, అయిదు కిలోలున్నాడు, బాల్కనీలో పావురాల కోసం కాపు కాస్తాడు.

నాన్నగారితో వాదించకండి. మీటర్ ఆయన చేతికిచ్చి అంకె చదివి రాయమని అడగండి. మా అమ్మ అలాగే మొదలుపెట్టింది, నేను ఊరెళ్తే ఇప్పుడు సూది తనే చేస్తుంది. మీకు ఏ ఇన్సులిన్ రాశారు, ఇంట్లో ఉన్న సిరంజి మూత ఏ రంగు, ఈ రెండూ ఇవాళ మొదటి డోసు ఇవ్వకముందే చూసి డాక్టర్ గారితో ఒకసారి ఖాయం చేసుకోండి.