గుంటూరులో ఉండి డైరెక్టర్ అవ్వొచ్చా? సమాధానం

తమ్ముడూ, ఇంట్లో హైదరాబాద్ పంపట్లేదు, గుంటూరులోనే ఉంటే డైరెక్టర్ అవ్వలేనా, పైగా తీసిన షార్ట్ ఫిల్మ్‌లో ట్యూబ్‌లైట్ మినుకుమినుకుమంటోంది, డైలాగులు వినపడట్లేదు అన్నావు కదా. ముందు ఆ రెండూ సరిచేసుకో, హైదరాబాద్‌లో సినిమా ఛాన్సుల కోసం తిరిగేవాళ్లుండే కృష్ణానగర్ సంగతి తర్వాత. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుద్ది, అందుకని ఫోన్‌లో మాన్యువల్ మోడ్ పెట్టి సెకనుకి 24 ఫ్రేములు, షటర్ స్పీడు (ఒక్కో ఫ్రేముకి వెలుతురు తీసుకునే టైము) సెకనులో 1/50 దగ్గర లాక్ చెయ్, మినుకు చాలావరకు పోద్ది.

సౌండ్ కెమెరా కంటే ముఖ్యం, నా మాట నమ్ము, బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు గానీ మాట వినపడకపోతే వెంటనే వదిలేస్తారు. కాలర్ మైకు కొనుక్కో, ఫ్యాను ఆపి షూట్ చెయ్, సీను అయ్యాక అందర్నీ ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉండమని ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డ్ చేసుకో, ఎడిటింగ్‌లో అతుకులు తెలీకుండా అదే కాపాడుద్ది.

నేను మిర్చి యార్డులో ఒక హమాలీ కథ తీశా, పొద్దున్నే బస్తాలు దించే టైములో. ఆ ఘాటుకి మావాడి కళ్లు ఎర్రబడి నీళ్లు కారిపోయాయి, చొక్కా మీద ఎర్రటి దుమ్ము, ఎంత డబ్బు పెట్టి సెట్ వేసినా అది రాదు. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం సినిమాలో కూడా నటించినవాళ్లలో ఎక్కువమంది ఆ ఊరి మామూలు జనమే కదా! ఖర్చులకి ముహూర్తాల సీజన్లో పెళ్లి వీడియోలు చెయ్, తప్పేం లేదు, రెండో టేకు ఉండదు కాబట్టి చెయ్యి బాగా తిరుగుద్ది. ఈ నెల మూడు నిమిషాలది ఒకటి తీసి పంపు, సౌండ్ నేను చూస్తా.