మిషన్ పెట్టినా మాట అర్థం కావట్లేదా? ఇప్పుడే తిరిగి ఇచ్చేయొద్దు

కందుకూరులో ఉండే మీ నాయనకి 66 ఏళ్లనీ, చెవి మిషన్ కొని ఇరవై రోజులైందనీ, "గోల తప్ప మాట లేదు" అని తీసి బీరువాలో పెట్టేశారనీ రాశారు. తిరిగి ఇచ్చేయాలా అని అడిగారు. ఇంకో మూడు నెలలు ఆగండి తమ్ముడూ. ఎందుకంటున్నానో చెప్తాను.

నేను చీమకుర్తిలో గ్రానైట్ కోసే ఫ్యాక్టరీలో 21 ఏళ్లు పనిచేశాను. రాయి కోస్తుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినపడేది కాదు. దూది పెట్టుకుంటే చాలనుకునేవాళ్లం. 85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజూ ఎనిమిది గంటలుంటే చెవి దెబ్బతింటుందని మాకెవరూ చెప్పలేదు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగంలో దాదాపు 15 వేల రోమకణాలుంటాయి. మనుషుల్లో అవి పోతే మళ్లీ మొలవవు. కీచుమనే సన్నటి శబ్దాలను పట్టేవి ముందు పోతాయి.

అసలు చిక్కు అక్కడే. అచ్చులు బరువైన శబ్దాలు, అవి వినపడుతూనే ఉంటాయి. క, చ, త, స లాంటి సన్నటివి జారిపోతాయి. కప్పు, తప్పు రెండూ నాకు ఒకటే మాట. మీ నాయన "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అన్నది అక్షరాలా నిజం. దాన్ని మొండితనం అనుకోకండి.

ఈ లోటు ఏళ్ల మీద మెల్లగా వస్తుంది కాబట్టి మెదడు చడీచప్పుడు లేకుండా సర్దుకుంటూ పోతుంది. నాకిది తెలిసిన రాత్రి బాగా గుర్తుంది. ఎండాకాలం, కరెంటు పోయింది. నేనూ మా ఇంటామె డాబా మీద మంచాలేసుకుని మాట్లాడుకుంటున్నాం. ఛార్జింగ్ లైటు వెలిగినంతసేపూ బాగానే ఉంది. అది ఆరిపోగానే ఆమె గొంతు వినపడుతోంది, మాట మాత్రం ఒక్కటీ అందట్లేదు. ఆమె సెల్‌ఫోన్ లైటు వేసి నా వైపు తిరిగింది. మాట తిరిగొచ్చింది. అన్నేళ్లూ నేను సగం కళ్లతో విన్నాను.

స్కానింగులు తీసి చూసినవాళ్లు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. శబ్దం సరిగా అందని వినికిడి భాగాన్ని చూపు కొంత వాడుకోవడం మొదలుపెడుతుంది. ఆలోచనకీ జ్ఞాపకానికీ పనికొచ్చే నుదుటి వెనక భాగం, మాటని ఊహించి పట్టుకోవడానికి అదనంగా కష్టపడుతుంది. పెళ్లిలో రెండు గంటలు కూర్చొస్తే పొలం పని చేసినంత అలసట నాకు అందుకే వచ్చేది. చెవిలో గుయ్యిమనే హోరు కూడా చాలామందికి, అందని శబ్దం కోసం మెదడు తన వాల్యూమ్ తానే పెంచుకోవడం వల్ల వస్తుందని నిపుణులు అనుకుంటున్నారు.

అలా సర్దుకున్న మెదడు మీద ఒక్కసారిగా శబ్దాలన్నీ వచ్చి పడతాయి. ఒంగోలులో మిషన్ పెట్టించుకుని ఇంటికొచ్చిన రోజు ఫ్యాను రెక్కలు, పేపరు మడత, నా చెప్పుల చప్పుడు, వంటింట్లో తిరగమాత చిటపటలు అన్నీ ఒకే ఎత్తున వినపడ్డాయి. తలనొప్పి వచ్చింది. చెవులు బాగున్నవాళ్ల మెదడు ఫ్యానుని పక్కన పెట్టి మాటని ముందుకు తెస్తుంది. నాకు ఆ అలవాటు తప్పిపోయింది. అది మళ్లీ రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మూడో నెలలో ఒక రోజు గమనించాను, ఫ్యాను తిరుగుతూనే ఉంది, నాకే వినపడట్లేదు.

మొదటి వారం ఇంట్లోనే, టీవీ కట్టేసి, ఒక్క మనిషితోనే మాట్లాడుతూ రోజుకు రెండు గంటలు పెట్టుకున్నాను. తర్వాత గంట గంట పెంచాను. అన్నిటికన్నా మేలు చేసింది మా మనవరాలి తెలుగు వాచకం. అది బయటికి చదువుతుంటే నేను ఆ వరసల మీద వేలు పెట్టుకుంటూ వినేవాణ్ణి. కంటికి కనపడిన అక్షరం, చెవిన పడిన శబ్దం అలా జతపడ్డాయి. బస్టాండు, పెళ్లిళ్లు చివరికి వదిలేయండి. ఇంట్లోవాళ్లు వెనకనుంచి అరవకూడదు. అరిస్తే అచ్చులే గట్టిపడతాయి, పోయిన హల్లులు రావు. ఎదురుగా, వెలుతురులో, కాస్త నిదానంగా మాట్లాడండి.

డబ్బులు చాలక నేను ఒక చెవికే కొన్నాను. అది తప్పు. రెండూ దెబ్బతిన్నప్పుడు, మిషన్ లేని చెవి మాటని గుర్తుపట్టడం మెల్లగా తగ్గిపోవచ్చు. రెండేళ్ల తర్వాత పరీక్షలో నా ఎడమ చెవి అలాగే తేలింది.

మతిమరుపు వస్తుందా అనీ అడిగారు. లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల బృందం 2024లో చెప్పిన, మార్చుకోగల 14 కారణాల్లో వినికిడి లోపం ఒకటి. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్లవాళ్లను మూడేళ్లు గమనించి 2023లో ఫలితం చెప్పారు. అందరినీ కలిపి చూస్తే మిషన్ వల్ల తేడా లేదు. మతిమరుపు ముప్పు ఎక్కువున్నవాళ్లలో మాత్రం మతి తగ్గే వేగం 48 శాతం తగ్గింది. టెన్షన్ పడకండి, కానీ మిషన్ బీరువాలో ఉంచొద్దు.

ఒక చెవి రాత్రికి రాత్రే వినపడకుండా పోతే మాత్రం అది వేరే సంగతి. గుబిలి అనుకుని ఆగకుండా అదే రోజు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి.

ఏ శబ్దం బాధపెడుతోందో మీ నాయన చేత చీటీ రాయించి, మిషన్ పెట్టిన ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) దగ్గరికి తీసుకెళ్లండి. ఆ చీటీ చూసి వాళ్లు సెట్టింగు మారుస్తారు. నా మొదటి చీటీలో స్టీలు గ్లాసులు, పేపరు, ఫ్యాను, బండి హారన్లు ఉన్నాయి. మూడోసారి వెళ్లేసరికి స్టీలు గ్లాసులే మిగిలాయి.