కె అక్షరం: పొటాషియమా, కెల్వినా, వెయ్యా?

పాఠంలో పొటాషియానికి, ఉష్ణోగ్రతకు, వెయ్యికి ఇంగ్లిషు 'కె' అక్షరమే కనిపించి తికమకపడుతున్నానని రాశారు. ముందు అది పెద్దక్షరమో చిన్నక్షరమో చూడండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది. ఉష్ణోగ్రత అంకె పక్కన పెద్ద 'కె' ఉంటే కెల్విన్. దానికి డిగ్రీ గుర్తు పెట్టకండి, 1967లోనే తీసేశారు. గ్రాము, మీటరు గుర్తులకు ముందు అతుక్కున్న చిన్న 'కె' కిలో, అంటే వెయ్యి. డబ్బు లెక్కల్లో వెయ్యికి పెద్దక్షరం రాయడం వాడుక మాత్రమే, శాస్త్ర ప్రమాణం కాదు.

రసాయన సమీకరణంలోది పొటాషియం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ దీనిదే. 1807లో ఇంగ్లిషు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ విద్యుత్తుతో ఈ లోహాన్ని వేరుచేశారు. గుర్తు మాత్రం 'కాలియం' అనే లాటిన్ పేరు నుంచి వచ్చింది. దాని మూలం మొక్కల బూడిదను సూచించే అరబ్బీ మాట. క్షారాన్ని ఇంగ్లిషులో 'ఆల్కలీ' అనడమూ అక్కడినుంచే.

అక్షరం వాలుగా అచ్చయి ఉంటే మాత్రం అది మూలకమూ కాదు, ప్రమాణమూ కాదు. ఏదో ఒక రాశికి గుర్తు, చాలాసార్లు స్థిరాంకం.