క్యాబ్ వచ్చిందంటే ఐన్‌స్టీన్ లెక్క కుదిరినట్టే

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. టీవీలో టైమ్ మెషిన్ సినిమా చూసిన దగ్గర్నుంచీ అది నిజంగా కుదురుతుందా అని ఒకటే గోల. మావారేమో అవన్నీ కట్టుకథలు, లెక్కలు చేసుకో అంటారు. మా అత్తగారేమో ఇది మన పురాణాల్లోనే ఉంది అంటారు. ఎవరిది కరెక్ట్?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: బాబు మంచి ప్రశ్నే అడిగాడమ్మా, విసుక్కోకండి. కాలంలో వెనక్కి వెళ్లిన దాఖలా ఇంతవరకూ ఒక్కటీ లేదు. ముందుకు కాస్త జరగడం మాత్రం సాధ్యమే, రోజూ జరుగుతోంది కూడా.

జగదాంబ దగ్గర నిలబడి క్యాబ్ బుక్ చేస్తే మ్యాపులో నీలం చుక్క సరిగ్గా మీరున్న చోటే పడుతుంది కదా, అలా పడాలంటే 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు కింద ఉన్న గడియారాలతో కలవాలి. అవి గంటకు 14 వేల కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి కాబట్టి రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి, అంత ఎత్తులో భూమి ఆకర్షణ తక్కువ కాబట్టి 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, తీసేస్తే 38. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలో వంతు, దానికేముందిలే అనిపిస్తుంది గానీ ఆ 38 మైక్రోసెకన్లలో కాంతి 11 కిలోమీటర్లు పోతుంది. ఉపగ్రహం నుంచి సిగ్నల్ కాంతి వేగంతో వస్తుంది, దానికి పట్టిన సమయాన్ని బట్టే దూరం లెక్క కడతారు కాబట్టి, సవరించకుండా వదిలేస్తే ఒక్క రోజులోనే దూరం లెక్క అంత తప్పుతుంది, మీరు ఆర్కే బీచ్‌లో ఉంటే మ్యాపు ఏ రుషికొండ దగ్గరో ఉన్నారంటుంది! ఈ సవరణకు ఆధారం ఐన్‌స్టీన్ 1905లో, 1915లో చెప్పిన సాపేక్ష సిద్ధాంతాలే.

మనుషులకూ ఇంతే, కాకపోతే స్పేస్ స్టేషన్ అంత ఎత్తున ఉండదు కాబట్టి అక్కడ వేగం ప్రభావమే ఎక్కువ, గడియారం వెనకబడుతుంది. సునీతా విలియమ్స్ 286 రోజులు అంతరిక్షంలో ఉండి 2025 మార్చిలో దిగినప్పుడు, కిందే ఉండిపోయిన మనకంటే ఆవిడకు గడిచిన కాలం సుమారు 0.007 సెకను తక్కువ. ఆ మేరకు మన భవిష్యత్తులోకి వచ్చినట్టే.

మీ అత్తగారు చెప్పింది భాగవతంలో రేవతి కథ అయి ఉంటుంది. తండ్రితో బ్రహ్మలోకానికి వెళ్లి కాసేపు పాట విని వచ్చేసరికి ఇక్కడ 27 మహాయుగాలు గడిచిపోతాయి. అందులో లెక్క లేదు, కొలత లేదు, కాబట్టి దాన్ని సైన్స్ అనలేం. కానీ కాలం అన్నిచోట్లా ఒకేలా నడవకపోవచ్చని ఊహించారు చూడండి, నాకు ఆ ఊహ అంటే చాలా గౌరవం. ఇక మీవారిని సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల కాంతి వేగాన్ని ఈ 38 మైక్రోసెకన్లతో బాబు చేత గుణింపజేయమనండి, లెక్కలూ అయిపోతాయి.

ప్రశ్న: అమరావతి క్వాంటమ్ వ్యాలీ గురించి చదువుతుంటే క్వాంటమ్ టెలిపోర్టేషన్ అనే మాట తగిలింది. మనిషి ఇక్కడ మాయమై అక్కడ తేలడమా?
– డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: కాదు. కదిలేది వస్తువు కాదు, ఒక కణం ఉన్న స్థితి. 1997లో కాంతి కణాలతో మొదటిసారి చేసి చూపించారు. పైగా మామూలు సిగ్నల్ కూడా ఒకటి పంపాల్సిందే, కాబట్టి కాంతిని మించి పోదు.

ప్రశ్న: విశాఖ బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామిని చూశాం. అసలు జలాంతర్గామిని ఫ్రెంచ్ రచయిత జూల్స్ వెర్న్ నవలే ముందు ఊహించిందని మా సార్ అన్నారు. నిజమేనా?
– ఇంటర్ విద్యార్థిని, కంచరపాలెం

జవాబు: సగం నిజం తల్లీ. ఫ్రాన్స్ వాళ్లు 1863లోనే ఒక జలాంతర్గామిని నీళ్లలోకి దించారు, దాని నమూనాను వెర్న్ 1867 పారిస్ ప్రదర్శనలో చూశాడు. అది ఒత్తిడితో కుదించి నింపిన గాలితో నడిచేది. ఆయన కథలోది మాత్రం పూర్తిగా కరెంటుతో నడుస్తుంది, ఆ రోజుల్లో అదీ అసలైన ఊహ! ఆ కథ పత్రికలో మొదలైంది 1869లో, కురుసుర మన నేవీలో చేరింది సరిగ్గా వందేళ్లకు, 1969 డిసెంబర్‌లో. పైన ఉన్నప్పుడు డీజిల్ ఇంజిన్లు, మునిగాక బ్యాటరీలతో తిరిగే మోటార్లు. ఈసారి వెళ్తే, ఆ గుండ్రటి కంతల్లోంచి వంగి ఒక్కో గదిలోకి దూరేటప్పుడు తొందరపడకుండా, బ్యాటరీలు ఎక్కడుంటాయో అక్కడి గైడ్‌ని అడుగు, నీ కాళ్ల కిందే చూపిస్తారు.