అల్లుడూ, 26వ తారీఖు నుంచి మొదలెట్టు

ఒరేయ్ అల్లుడూ,

మొన్న ఫోన్లో "మావయ్యా ఈ క్రిస్మస్ నుంచి మారిపోదామనుకుంటున్నా, ఇంట్లో కూడా పిసినారి అనేస్తున్నారు" అన్నావు కదా, నాకు నవ్వాగలేదు, మీ అత్త నన్ను పాతికేళ్లు ఇదే మాట అంది, ఇంకా ఘాటుగా అంది. ఫోన్లో అయితే సగంలో మీటింగ్ అంటావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి అంటారే, అది నేనే. ఒక డిసెంబర్లో రాత్రి పదకొండింటప్పుడు చర్చి పిల్లలు క్యారల్స్‌కి మా వీధిలోకి వచ్చారు, డప్పు చప్పుడు వినగానే నేను లేచి లైట్లన్నీ ఆపేశా, మీ అత్త ముచ్చటపడి కట్టించిన స్టార్ కూడా ఆపేశా, కానుక ఇవ్వాల్సొస్తుందని. పిల్లలు చీకట్లోనే గేటు దగ్గర నిలబడి పాట మొత్తం పాడారు, ఒక చరణం కూడా వదల్లేదు. ఇంతలో వంటింట్లో కుక్కర్ విజిలేసింది (మీ అత్త మరుసటి రోజుకి శనగలు పెట్టింది). బయట ఒక చిన్నోడు "ఒరేయ్ లోపల ఉన్నార్రా" అన్నాడు, ఇంకొకడు "ఊరుకోరా, ప్రేయర్ చేసి పోదాం" అన్నాడు. ప్రేయర్ చేసి మరీ వెళ్లారు. ఆ రాత్రి నాకు మిగిలింది యాభై రూపాయలు.

అయినా నేను అప్పుడేం మారలేదులే, సినిమాల్లోలాగా రాత్రికి రాత్రి ఎవడూ మారడు. కానీ ఆ విజిల్ మాత్రం చెవిలో ఉండిపోయింది.

సరే, నువ్వు చేయాల్సింది చెప్తా. ఇచ్చేద్దాం పంచేద్దాం అని ఊగిపోకు, ముందు ఎవరి దగ్గర కొట్టేశావో వాళ్లది తీర్చు. బైబిల్లో జక్కయ్యని చూడు, యెరికో ఊళ్లో సుంకపు గుత్తదారుడు, అంటే పన్నులు వసూలు చేసేవాడు, మేడిచెట్టెక్కిన పొట్టోడు అని సండేస్కూల్లో అందరం నవ్వాం, కానీ ఆయన చెప్పింది లెక్క రా, ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా లాక్కున్నదానికి నాలుగింతలు. కన్నీళ్లు పెట్టుకున్నాడని రాయలేదు, అంకెలు చెప్పాడని రాశారు. మనలాంటి లెక్కల మనుషులకి ఇది బాగా పనికొచ్చే సంగతి.

మన హార్డ్‌వేర్ షాపులో ఒకతను మేకులు తూచేవాడు, నీకు గుర్తుండకపోవచ్చు. ప్రతి ఏడూ క్రిస్మస్‌కి రెండ్రోజులు రాకపోతే కూలి కోసేవాణ్ణి, నేను మాత్రం అదే రోజు తెల్లబట్టలేసుకుని చర్చిలో ముందు బెంచీలో కూర్చునేవాణ్ణి. షాపు మూసేశాక పాత డేబుక్కులు తీసి కూర్చున్నా, తొమ్మిదేళ్లు, పద్దెనిమిది రోజులు, 1,710 రూపాయలు తేలింది. నాలుగింతలు చేస్తే 6,840. ఫిబ్రవరిలో కవర్లో పెట్టుకుని వాళ్లింటికెళ్లా. "ఇప్పుడేం పండగ సార్" అన్నాడు. విషయం చెప్పా. వాళ్లావిడ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి "ఆదివారాలు కోసినవి కూడా ఇందులోనే ఉన్నాయా" అంది. లేవు రా! మళ్లీ ఇంటికొచ్చి పుస్తకాలు తీశా. అందుకే చెప్తున్నా, తీర్చడానికి వెళ్తే దండేస్తారని అనుకోకు, టీ ఇస్తే అదే ఎక్కువ.

నీకు షాపు లేదు, కానీ పనమ్మాయి ఉంది, ఊరెళ్లిన నాలుగు రోజుల జీతం నువ్వు పట్టుకున్నావని అక్క చెప్పింది. అక్కణ్ణుంచి మొదలెట్టు.

రెండోది, డిసెంబర్లోనే అంతా ఇచ్చేయకు. అనాథాశ్రమం నడిపే ఒకాయన నాతో అన్నాడు, 25న పిల్లలకి నాలుగు చోట్ల నుంచి కేకులొస్తాయి, బిర్యానీ మిగిలిపోతుంది, జూన్లో నోటుబుక్కులకి అడిగితే ఫోన్ ఎత్తరు అని. నువ్వు జూన్ పట్టుకో. బ్యాంకులో ఆటోమేటిక్‌గా కట్ అయ్యేట్టు పెట్టు, నీ చేత్తో ఇవ్వాలంటే ప్రతి నెలా వాయిదా వేస్తావు, నీ సంగతి నాకు తెలుసు, నా రక్తమే కదా. ఇంట్లో అయితే అన్నం వండేటప్పుడల్లా ఒక గుప్పెడు బియ్యం పక్కన డబ్బాలో వెయ్యమను, మిజోరంలో చర్చి ఆడవాళ్లు వందేళ్లకి పైగా ఇదే చేస్తున్నారు, గుప్పెడు గుప్పెడు పోగేసి పెద్ద పెద్ద పనులే నడిపారు.

పోయినేడు మీ అత్తా నేనూ మెదక్ చర్చి చూసొచ్చాం. ఎంత పెద్దదో అని అందరూ తల పైకెత్తి చూస్తారు గానీ నాకు నచ్చింది వేరే. కరువులో జనం అల్లాడుతుంటే ఆ చర్చి కట్టించిన మిషనరీ పాస్నెట్ దొర ఊరికే గంజి పోసి పంపలేదు, కట్టడం పని పెట్టి తిండి చూపించాడు, 1914లో మొదలెడితే పదేళ్లు పట్టింది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. అంటే ఆ క్రిస్మస్‌కి ముందు పదేళ్లు పొయ్యిలు వెలిగాయన్నమాట. నేను బయట మెట్ల మీద కూర్చుని అదే ఆలోచిస్తుంటే మీ అత్త "ఏంటి, పార్కింగ్ డబ్బులు ఎక్కువ తీసుకున్నారనా" అంది. పేరు అంత తొందరగా పోదులే అల్లుడూ, ఓర్చుకో.

ఇంకోటి, ఇచ్చేటప్పుడు ఫోటో తీసి స్టేటస్ పెట్టావంటే నేను నీతో మాట్లాడను. తోపుడుబండి ముసలావిడ దగ్గర కొత్తిమీర కట్టకి బేరమాడటం కూడా మానెయ్.

చేతులు వణుకుతాయి మొదట్లో, నిజంగా వణుకుతాయి, నాకిప్పటికీ ఐదొందల నోటు తీయాలంటే ఒక క్షణం ఆగుతా. ఆగినా తీస్తా.

పనమ్మాయి లెక్క తేల్చాక ఎంతొచ్చిందో నాకు పంపు, నేను కూడా ఒకసారి కూడి చూస్తా, నీ కూడికలు తక్కువొస్తాయి. అక్కకి చెప్పు, ఈసారి అరిసెల్లో నువ్వులు ఎక్కువ వెయ్యమని.

మీ మావయ్య